దయాకరన్న అమీగాకు సాఫ్ట్‌వేరు వచ్చిన నాడు

ఏయ్, గీ ముచ్చట నిలబడి ఇనేటిది గాదు, కూసోన్రి. రంజిత్, నువ్వు ఆ బండికి స్టాండేసి రా. భాస్కర్ సారూ, మీరు గా స్టూలు గుంజుకోన్రి, మీ బస్సు హబ్సిగూడ సిగ్నల్ దాటి నాచారం రావాలంటె ఇంకో ఛాయ్ అయితది. సూర్యకళా, నువ్వు ఛాయ్ పోసుకుంట అందరి ముంగట అడిగినవ్ గద చెల్లే, "అన్నా, ఆదివారం నా బిడ్డ సంతోషి పెండ్లి, గిప్పుడన్న మా పెండ్లి క్యాసెట్ ఇస్తవా ఇయ్యవా" అని. నేను గూడ అందరి ముంగటనే చెప్త. క్యాసెట్లు పోలె. ఉప్పల్‌ల, నా షాపుల, బీరువాల పైలంగ ఉన్నయ్. మిక్సింగ్ గాలె, గంతే. మిక్సింగ్ గాని టేపు గడప దాటితె మా ధంధల ఇజ్జత్ పోయినట్టే. పెండ్లిల ఎవడో ముక్కుల ఏలు పెట్టుకుంటడు, ఎవలో పప్పుల ఉప్పు లేదని లొల్లి జేస్తరు, గవన్నీ కట్ జేసి సాఫ్ జేసి ఇస్తెనే వీడియో తీసేటోడు. లేకుంటె ఉట్టిగ కెమెరా మోసేటోడు.

"ఇన్నేండ్ల సంది మిక్సింగ్ గాలేదా కాకా?" అన్నాడు రంజిత్. అతను పంపుల కంపెనీలో కొత్తగా చేరాడు, ఈ కథ ఇంకా వినలేదు.

నీకు తెల్వది బిడ్డా, గప్పుడు నువ్వు పుట్టనే లేదు. అమీగా అని ఒక కంప్యూటర్. సూస్తె లావుపాటి కీబోర్డు లెక్క ఉంటది. డబ్బా గిబ్బా ఏం లేదు, కంప్యూటర్ మొత్తం కీబోర్డు లోపట్నే. సికింద్రాబాద్‌ల ఒకాయన బొంబాయికెల్లి తెప్పిస్తె, నా స్కూటర్ ముంగట పెట్టుకొని, పెండ్లిపిల్లను తెచ్చినట్టు తెచ్చుకున్న. తతిమ్మా కంప్యూటర్లు పచ్చరంగు అచ్చరాలతోటి ముక్కుకుంట కూసుంటె, నాది రంగురంగుల పూలు రాలగొట్టేది. పిలగాని పేరు ఒక దిక్కుకెల్లి, పిల్ల పేరు ఇంకో దిక్కుకెల్లి ఉరికొచ్చి నడిమిట్ల తగులుకుంటె గులాబి పువ్వు ఇచ్చుకునేది. ఉప్పల్, నాచారం, రామంతపూర్, అటు ఘట్‌కేసర్ దాక, టీవీల గా పువ్వు ఇచ్చుకోకుంటె పెండ్లి అయినట్టు లెక్కనే గాదు. ఒక ఇంట్ల గులాబి రాలేదని అప్పగింతలు ఆపిన్రు.

"అప్పగింతలు ఆపారా! మరీ చోద్యంగా ఉందండీ బాబూ," అన్నాడు విజయభాస్కర్. మందుల కంపెనీలో లెక్కలు రాసే మనిషి, గుంటూరు వైపు ఆయన, ఏ మాటా ఊరికే పోనివ్వడు.

ఆపిన్రు సారూ. నేను పోయి పువ్వు పెట్టినంకనే పిల్ల కారెక్కింది. గది ఇడువున్రి. పేర్లు ఎక్కియ్యొచ్చు, పూలు రాల్చొచ్చు, గంతవరకు అమీగాకు తిరుగు లేదు. గని వీడియోను లోపటికి తీస్కొని, కావాల్సిన కాడ కట్ జేసి, అతికిచ్చే సాఫ్ట్‌వేరు మాత్రం, మా అసొంటోళ్ళకు అందేటిది, రాలె. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, ఒక దాంట్ల ప్లే, ఇంకో దాంట్ల రికార్డు, ఏళ్ళు నొచ్చేదాక కొట్టుడే.

గంతల్నె సాంబయ్య పెండ్లి వచ్చింది. రంజిత్, సాంబయ్య అంటె ఎవలనుకున్నవ్? సూర్యకళ పెనిమిటి. నా లైటు మనిషి. నేను తీసిన పెండ్లిలన్నిట్ల లైటు పట్టింది ఆయనే. గాని లైటు పట్టేటోడు టేపుల పడడు. వానిది వెలుగే పడుతది. గందుకే సాంబయ్య కనవడేది ఒక్క ఆయన పెండ్లి టేపులనే. మరి గసొంటోని పెండ్లిని రెండు వీసీఆర్‌లతోటి అటిటు కొట్టి ఇస్తనా? చస్తె ఇయ్య. "సాంబయ్యా, అమీగాకు మంచి సాఫ్ట్‌వేరు వస్తున్నదట, జర ఓపిక పట్టు, వచ్చినంక నీ పెండ్లిని ఊరంత నోరు తెరిచి సూసేటట్టు చేసిస్త" అన్న. "నీ ఇష్టమన్నా, నాకేం తొందర" అన్నడు. అమీగా కంపెనీ గప్పటికే మూతబడ్డది. గా పేరును ఒకల తర్వాత ఒకలు కొనుక్కుంటున్నరు, అమ్ముకుంటున్నరు. మేం మాత్రం ఇగ వస్తది, అగ వస్తది అని కూసున్నం. సాఫ్ట్‌వేరు రాలె. కామెర్లు వచ్చినయ్. సంతోషికి మాటలు సక్కగ రాకముందే సాంబయ్య పోయిండు.

ఉప్పల్‌ల అందరు మామూలు కంప్యూటర్లకు మారిన్రు. నేను మారలె. మాటిచ్చిన గద.

"పెండ్లి బేరాలన్ని పక్క షాపుకు మారినయ్," అంది సూర్యకళ, గ్లాసులు కడుగుతూనే.

పోనీ. పోతె పోనీ చెల్లే. ప్రపంచంల నాసొంటోళ్ళు ఇంక ఉన్నరు. జర్మనీల, పోలండ్‌ల, ఇటలీల. కంప్యూటర్‌ల ఒక గ్రూపున్నది మాకు. అందరు నెత్తి నెరిసినోళ్ళే. ప్రతి ఏడు ఎవడో ఒకడు రాస్తడు, అమీగాకు వీడియో సాఫ్ట్‌వేరు తయారు జేస్తున్న, సగం అయ్యింది అని. మేమంత దాని కింద దండం బొమ్మలు పెడుతం, సంబురపడుతం. ఇగ వాడు మల్ల కనవడడు. వచ్చే ఏడు ఇంకోడు రాస్తడు. మేం మల్ల సంబురపడుతం. నవ్వకు రంజిత్, గా సంబురం ఎట్లుంటదో నీకు తెల్వది. మర్నాడు షాపు షట్టర్ లేపుతుంటె చెయ్యి తేలికగ ఉంటది.

ఒకనాడు నేనే రాసిన, ఇంగ్లీషుల. "సార్, నాది ఉప్పల్. నా దగ్గర ఒక పెండ్లి టేపు ఉన్నది. సాఫ్ట్‌వేరు ఎప్పుడొస్తది?" గంతే రాసిన. గిది నిజం, మా అమ్మ తోడు. దీంట్ల కోత లేదు.

"అంటే మిగతా దాంట్లో ఉందన్నమాట," అన్నాడు విజయభాస్కర్.

జర ఇనున్రి సారూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జర్మనీకెల్లి ఒకాయన జవాబు రాసిండు. "నీ అసొంటోడు ఇంక ఉన్నడని తెల్వక ఇన్నేండ్లు పండుకున్న, వస్తున్న" అన్నడు. వస్తున్న అంటె జవాబు వస్తున్నదనుకున్న నేను. మనిషే వచ్చిండు! శంషాబాద్‌ల ఇమానం దిగి, పుష్పక్ బస్సు ఎక్కి, ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ దిగిండు. అక్కడికెల్లి నా షాపు నడిస్తె ఛాయ్ చల్లారనంత దూరం. ఆటోవాడు ఘట్‌కేసర్ సూపిచ్చి తెచ్చిండు.

ఏం పొడుగు సారూ ఆయన! నా షట్టర్ల నిలువుగ పట్టలె. అడ్డంగ పండుకొని జరుపుకుంట లోపటికి వచ్చిండు. పేరు యుర్గెన్ ఏమో అన్నడు, నాకు నోరు తిరుగలె. "యాదగిరి అని పిలుస్త, నడుస్తదా?" అన్న. తల ఊపిండు. అమీగాను సూసిండు, షూస్ బయట ఇడిసి వచ్చిండు, రెండు చేతులు జోడిచ్చిండు. కండ్లల్ల నీళ్ళు. "మా ఊర్ల గిది మ్యూజియంల ఉన్నది, అద్దం ఎనక. నువ్వు దీన్ని పనికి పెట్టినవ్" అన్నడు.

"ఏ భాషల అన్నడు కాకా?" రంజిత్.

జర్మన్‌ల. నాకు తెలుగుల ఇనవడ్డది. అమీగా నడిపేటోళ్ళకు గట్లనే ఇనవడుతది. ఇగ కూసుండు సారూ యాదగిరి, సాఫ్ట్‌వేరు రాసుడు షురూ జేసిండు. నిద్ర లేదు, గిద్ర లేదు. తిండి మాత్రం మస్తు తిన్నడు. సూర్యకళ కాడికి తోల్కొచ్చిన, గిదే బల్ల మీద కూసొని మిర్చి బజ్జీలు తిన్నడు. గిన్నె ఖాళీ, పిండి ఖాళీ, ఆఖరికి పచ్చి మిరపకాయలు గూడ ఖాళీ. చెవులకెల్లి కూత పెట్టుకుంట పొగ వస్తె, గా కూత ఇని ఫ్యాక్టరీ సైరన్ అనుకొని జనరల్ షిఫ్టోళ్ళు గేటు దాటి బయటికొచ్చిన్రు.

"నా కాడ ఎప్పుడు తిన్నడన్నా? నేను సూడనే లేదు!"

నువ్వు మేడారం పోయినవ్ గద గప్పుడు. మీ తోటికోడలు ఉండె.

"నాకు తోటికోడలు యాడిది? మా ఆయన ఒక్కడే కొడుకు."

అగో, మరి ఎవలో ఉండె. నువ్వు ముచ్చట నడిమిట్ల గిసొంటియి అడుగకు. సాఫ్ట్‌వేరు అయిపోయింది. ఫ్లాపీలల్ల నింపితె, ఒకదాని మీద ఒకటి పేరుస్తె సీలింగ్ ఫ్యాను తాకినయ్. ఒక్కొక్కటి ఏస్తున్నం, తీస్తున్నం, ఏస్తున్నం, తీస్తున్నం. అమీగా వేడెక్కింది. దాని మీద మా ఆమె రొట్టెలు కాల్చింది. సగం ఫ్లాపీలు అయ్యేసరికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా మొత్తం కరెంటు బుగ్గలు గుడ్డిగ అయినయ్. మీ కంపెనీల గా దినం గోలీలు సగం సగం పడ్డయ్, యాద్ లేదా సారూ?

"మాకు జనరేటర్ ఉందండీ."

గందుకే సగమన్న పడ్డయ్. లేకుంటె ఒట్టి పొడే. సరే, సాఫ్ట్‌వేరు ఎక్కింది. తెర మీద గులాబి పువ్వు ఇచ్చుకున్నది, దాని కింద బటన్లు. కట్, స్లో, స్టాపు, రివైండు. నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేండ్లు ఎదురుసూసింది గా నాలుగు బటన్ల కోసమే. గని యాదగిరి ఒక్క పొరపాటు జేసిండు, పరదేశోడు కదా. మా షాపు ముంగట స్తంభానికి కేబుల్ టీవీ వైర్లు ఉంటయ్ సూడు, గుత్తులు గుత్తులు, పిచ్చుక గూడు లెక్క. ఏది ఏ ఇంటిదో కేబులోనికే తెల్వది. వీసీఆర్‌కు పెట్టాల్సిన వైరును తీస్కపోయి గా గుత్తిల పెట్టిండు! నేను సూసుకోలె. ఇగ గా కేబుల్ యాడిదాక పోతదో, ఆడిదాక నా బటను పనిజేసింది.

ముందుగాల స్లో నొక్కిన. ఉప్పల్ రింగ్ రోడ్డు మొత్తం స్లో అయ్యింది. బస్సులు, ఆటోలు, లారీలు, ఇంచు ఇంచు జరుగుతున్నయ్.

"ఎవలన్న ఏమన్నరా?" అన్నాడు రంజిత్.

ఎవ్వలకు తెల్వనే లేదు. రోజు గట్లనే ఉంటది గద. మామూలు జేసిన, గప్పుడు పరేషాన్ అయిన్రు, ఏంది గింత జల్ది పోతున్నం అని. ఆ తర్వాత కట్ నొక్కిన. హబ్సిగూడ సిగ్నల్ కట్ అయ్యింది. ఉప్పల్‌ల బస్సెక్కి సీట్ల కూసుందామని వంగినోడు నాచారంల లేసి నిలబడ్డడు. నడుమ తొవ్వనే లేదు. కండక్టరమ్మ టికెట్ కొట్టాల్నా వద్దా అని ఒక్కతీరుగ ఏడుపు మొఖం పెట్టింది. ఆ తర్వాత స్టాపు నొక్కిన. అన్నీ నిలబడ్డయ్. మెట్రో రైలు స్తంభాల మీద నిలబడ్డది. సూర్యకళా, నువ్వు పైకెల్లి ఛాయ్ పోస్తున్నవ్, గా ఛాయ్ దారం లెక్క గాలిల నిలబడ్డది. నేను వచ్చి, ఆ దారం కాడ గ్లాసు పెట్టుకొని, ఇంత తుంచుకొని తాగిపోయిన.

"నాకు తెల్వకపాయె?"

నిలబడ్డోళ్ళకు నిలబడ్డట్టు ఎట్ల తెలుస్తది చెల్లే? లెక్కల సారును అడుగు.

"నన్ను లాగకండి, నాకూ తెలీదు," అన్నాడు విజయభాస్కర్. ఆయన బస్సు వచ్చి ఆగింది, వెళ్ళిపోయింది. ఆయన కదల్లేదు.

గప్పుడు రివైండు నొక్కిన. కొంచమే నొక్కిన, పరీక్షకు. ఘట్‌కేసర్‌ల ఒక ఫంక్షన్ హాలు, పెండ్లి నడుస్తున్నది. తలల మీది అక్షింతలు లేసి గింజ గింజ చేతులల్లకు పోయినయ్. తిన్నోళ్ళ ఇస్తార్లల్ల బగారన్నం మల్ల కుప్ప పడ్డది, బొక్కల మీదికి ముక్క మల్ల వచ్చి అంటుకున్నది. మల్ల వడ్డిచ్చిన్రని తిన్నోళ్ళే సంబురపడ్డరు. పెండ్లికొడుకు ఎనకకు ఎనకకు పోయి గుర్రమెక్కిండు, గుర్రం ఎనకకు నడుసుకుంట అన్నోజీగూడ దాక పోయింది, బ్యాండోళ్ళు ఊదుతలేరు, పాటను పీల్చుకుంటున్నరు. పోచారం ఐటీ క్యాంపసుల మీటింగ్ అయిపోయిందని బయటికొచ్చిన పోరగాండ్లు మల్ల లోపటికి పోయిన్రు. ఏడ్చింది వాండ్లొక్కలే.

"అబ్బ! అబ్బబ్బా!" విజయభాస్కర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కోసేదానికీ ఒక హద్దుండాలండీ!"

హద్దా? హద్దు సంగతి గిప్పుడు చెప్త సారూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యాదగిరి "చాలు, చాలు" అంటున్నడు. నేను ఇనలె. రివైండు మీద ఏలు పెట్టిన, పెట్టిన ఏలు తియ్యలె. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటి భూమిలకు దిగిపోయినయ్. అపార్టుమెంట్లు పై అంతస్తుకెల్లి కరిగినయ్, బాల్కనీల ఆరేసిన బట్టలు గాలిల ఉండి ఉండి, అయి గూడ పోయినయ్. స్టేడియం పోయి ఒట్టి జాగ మిగిలింది, దాంట్ల మేకలు. నాచారం ఫ్యాక్టరీల ముంగట కార్లు పోయి స్కూటర్లు, స్కూటర్లు పోయి సైకిళ్ళు. మూతబడ్డ గేట్లు తెరుసుకున్నయ్. టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఎంత మంది సారూ, ఎంత మంది! నా నెత్తి మీద ఎంటికలు వచ్చినయ్. నల్లగ. దువ్వెన యాడ పెట్టిననో అని దేవులాడుకున్న.

గప్పుడు ఆ రోడ్డు మీద ఒక బజాజ్ స్కూటర్ వస్తున్నది. ముంగట నేను, మెడల కెమెరా. ఎనక సాంబయ్య. భుజం మీద లైటు స్టాండు, మెడకు వైరు చుట్ట, ఒళ్ళె అమీగా. వాన పడుతున్నది. అంగీ ఇప్పి అమీగాకు కప్పిండు, ఆయన తడుస్తున్నడు. ఏ పెండ్లికో పోతున్నం. పోయినంక అందరికంటె ముందు మాకే అన్నం పెడుతరు, "వీడియోవాళ్ళు తినిన్రా, వీడియోవాళ్ళు తినిన్రా" అని పిల్ల తండ్రే వచ్చి అడుగుతడు. గంత ఇజ్జత్ ఉండె మాకు. సాంబయ్య లైటు ఏసిండంటె ముసలమ్మలు గూడ కొంగు సర్దుకునేది. నాకు దుఃఖం ఆగలె సారూ. గా రోజులు ఎంత మంచిగుండె. గట్లనే ఏలు తియ్యకుంట, ఆ స్కూటర్‌ను సూసుకుంట కూసున్న.

సూర్యకళ కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టింది.

"ఎట్లున్నడన్నా?"

ఎట్లుంటడు చెల్లే. గట్లనే ఉన్నడు. నవ్వుకుంట.

"ఏమన్నడు?"

ఏమన్నడంటె... స్కూటర్ మీద పోతున్నం గద, గాలి... వాన గూడ ఉండె...

"నీకు జర్మన్ మాట తెలుగుల ఇనవడ్డది. సాంబయ్య మాట ఇనవడలేదా?"

సౌండ్ రాలె చెల్లే. సాఫ్ట్‌వేరుల సౌండ్ రాదు. మిక్సింగ్ అంటె ముందుగాల తీసేసేది సౌండే గద. బొమ్మ ఉంచుతం, సౌండ్ మొత్తం తీసేస్తం, పైకెల్లి సినిమా పాట ఏస్తం. పెండ్లి సౌండ్ ఎవలింటరు? గిన్నెల సప్పుడు, పిల్లల ఏడుపు, ఉత్త లొల్లి.

"మా పెండ్లి టేపుల గూడ తీసేస్తవా?"

తీసెయ్యకుంట ఎట్ల! గా టేపు నిండ సాంబయ్య లొల్లే గద. నీకు యాదికి లేదా? లైటు పట్టనీకి ఇంకోన్ని పిలిస్తిమి, వానికి చేతగాకపాయె. సాంబయ్య పీటల మీద కూసొని, చేతుల జీలకర్ర బెల్లం పట్టుకొని, అటు అయ్యగారు మంత్రం చెప్తుంటె ఇటు వాన్ని తిట్టుడు. "అరె, లైటు నా మీద ఎందుకురా, పిల్ల మీద కొట్టు! పిల్ల మొఖం మీద నీడ పడుతున్నది, జర ఎడమకు జరుగు!" తాళి కట్టుకుంట గూడ గదే లొల్లి. ముడి ఏసుడు ఆపి, "పైకి లేపు, పైకి లేపు" అని. పెండ్లికొడుకు గట్ల ఒర్లే టేపు యాడన్న ఇస్తరా? నవ్వుతరు. గందుకే గా సాఫ్ట్‌వేరు వస్తె మొత్తం సాఫ్ జేసి...

దయాకర్ ఆగిపోయాడు. సూర్యకళ ఆయన ముందుకు వచ్చి నిలబడి ఉంది. చేతులు చీరకు తుడుచుకుంటోంది, తుడిచిన చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటోంది.

"అన్నా, ఒక్క మాట నిజం జెప్పు. గా జర్మనాయన రాలేదు గద?"

అరె, యాదగిరి వచ్చిండు చెల్లే, గీ బల్ల మీదనే...

"అన్నా. గా సాఫ్ట్‌వేరు రాలేదు గద?"

రాలె. ఏం రాలె.

"మంచిగైంది," అంది సూర్యకళ. "రాకపోవుడే మంచిగైంది. వచ్చుంటె నువ్వు ఆయన గొంతు తీసి పారేస్తుంటివి. నా బిడ్డ వాళ్ళ నాయినను ఫొటోల సూసింది. గొంతు ఇనలె. చిన్నప్పటి సంది అడుగుతది, నాయిన ఎట్ల మాట్లాడేటోడే అమ్మా అని. నేను ఆయన తీరు మాట్లాడి సూపిస్త. ఏడాదేడాదికి నాకే మర్చిపోయినట్టు అయితున్నది. మొన్న అడిగితె నోట్లెకెల్లి మాట రాలె నాకు. ఆయన నా కోసం ఒర్లిన ఒర్లుడు అన్నా గది. నువ్వు తీసేస్తనన్నదే నాకు కావాలె. మిక్సింగ్ వద్దు, పాట వద్దు, నీ గులాబి పువ్వు గూడ వద్దు. ఉన్నది ఉన్నట్టు ఇయ్యి."

రోడ్డు మీద షిఫ్టు బస్సులు పోతూనే ఉన్నాయి. స్టవ్వు మీద పాలు పొంగు దగ్గరికి వచ్చాయి. దయాకర్ చెయ్యి చాపి మంట తగ్గించాడు.

విజయభాస్కరే అడిగాడు, మెల్లగా. "ఆ క్యాసెట్లు ఇంకా ఆడతాయాండీ? చాలా ఏళ్ళయింది కదా."

ఆడుతయ్ సారూ. ప్రతి ఎండకాలం బయటికి తీసి, ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు ఒకసారి తిప్పి పెడుత. బూజు పట్టనియ్యలె. వీసీఆర్ గూడ నూనె ఏసి పెట్టిన.

రంజిత్ లేచి బండి తీశాడు, "ఎక్కు కాకా" అన్నాడు. దయాకర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

చెల్లే, నేను సౌండ్ పెట్టి ఎన్నడు ఇనలె. తిప్పి పెట్టుడే గని. నాకు గూడ ధైర్యం సాలలె.

"నేను ఉంట గద, నడువు," అంది సూర్యకళ. స్టవ్వు కట్టేసింది. ఛాయ్ కోసం వచ్చిన ఇద్దరు వర్కర్లను "ఇయ్యాల బంద్ అన్నా" అని పంపేసింది. విజయభాస్కర్ అడక్కుండానే ఆటోను ఆపి, ఆమె ఎక్కాక తానూ ఎక్కాడు. ఆమె ఫోను చెవికి పెట్టుకుంది.

"సంతోషీ, ఏం జేస్తున్నవ్? గోరింటాకు తర్వాత పెట్టుకుందువు గని, ఉప్పల్‌కు రా. దయాకర్ మామ షాపు కాడికి. జల్ది రా బిడ్డా. మీ నాయిన మాట్లాడుతడు, ఇందువు గని."